రాని మనిషి కంచం

నేను ఒక కంచాన్ని. పింగాణీ కంచాన్ని. అంచు చుట్టూ సన్నని నీలిగీత తప్ప నాకు వేరే సింగారం లేదు. కంచాన్నని గొప్పగా చెప్పుకుంటున్నాను గానీ, పుట్టిన యాభై ఏళ్ళ దాకా నాలో ఒక్కరైనా ఒక్క ముద్ద తిన్న పాపాన పోలేదు. ఏడాదికి ఒక్కరోజు నన్ను అద్దాల అలమరలోంచి తీసేవారు. కడిగి, తుడిచి, భోజనాల బల్ల మీద పెట్టేవారు. అందరూ తినడం అయ్యాక, ఎంగిలైనా కాని నన్ను మళ్ళీ కడిగి అలమరలో పెట్టేవారు. నా తోటి కంచాలు నన్ను చూసి నవ్వుకునేవి.

పోలండ్ కంచానికి తెలుగెలా వచ్చిందని మీకు అనుమానం రావచ్చు. క్రిస్మస్ ముందురోజు సాయంత్రం గొడ్డూ గోదా మనుషుల్లా మాట్లాడతాయని ఆ దేశంలో పిల్లలకు చెబుతారు. ఆవుకూ మేకకూ ఉన్న హక్కు నాకు మాత్రం ఎందుకుండదు? తెలుగు నేర్పిన మనిషి సంగతి చివర్లో చెబుతాను. ఆయన రావడానికి అంతకాలం పట్టింది మరి.

దేశానికి దక్షిణాన బొగ్గుగనులున్న ఒక ఊళ్ళో తెల్లమట్టిలోంచి పుట్టాను. కొలిమిలోంచి బయటికొచ్చాక ఒకావిడ నన్ను తిరుగుడు పీట మీద పెట్టి నీలిగీత గీసింది. గీసింది అంటున్నాను గానీ ఆవిడ కుంచె కదపలేదు. ఊపిరి బిగబట్టి కుంచెను ఒక్కచోట నిలిపి, నన్నే ఒక్కచుట్టు తిప్పింది. మొదలు చివరను కలిసిందో లేదో వంగి చూసుకుని తనలో తాను నవ్వుకుంది. మనుషుల్లో నేను చూసిన మొదటి అద్భుతం అది. రోజుకు వందల కంచాలకు గీత గీసే మనిషి ప్రతి గీతకూ అలా నవ్వుకోగలదా అని ఇప్పటికీ ఆశ్చర్యపోతుంటాను.

మేం ఆరుగురం. గడ్డిలో చుట్టి, రైలెక్కించి, ఉత్తరాన సముద్రం ఒడ్డునున్న గ్డీనియాకు పంపారు. అక్కడ ఓడలు కట్టే కార్ఖానాలో వెల్డరుగా పనిచేసే జిగ్మంట్‌కూ, యడ్విగాకూ పెళ్ళి. మేం పెళ్ళికానుకలం. నాలుగో అంతస్తులో చిన్న ఇల్లు. ఆ ఇద్దరితోపాటు జిగ్మంట్ తల్లి, యడ్విగా చెల్లెలు ఇరెనా ఉండేవారు. మనుషులు నలుగురు, కంచాలు ఆరు. నాలుగు కంచాలకు పని దొరికింది. ఆరోది రొట్టె ముక్కలకు పనికొచ్చింది. ఐదోదాన్నైన నాకు ఉద్యోగం ఏమిటో డిసెంబరు ఇరవై నాలుగున గానీ తెలియలేదు.

ఆ రోజును వాళ్ళు విగీలియా అంటారు. పొద్దున్నుంచి ఎవరూ తిండి ముట్టరు. బల్ల మీద ఎండుగడ్డి పరిచి, దాని మీద తెల్లగుడ్డ వేస్తారు. మాంసం లేకుండా పన్నెండు రకాలు వండుతారు. ఎర్రటి బీట్‌రూట్ చారు, చేపలు, పుట్టగొడుగులు, గసగసాలు. ఆకాశంలో మొదటి చుక్క పొడిచేదాకా కిటికీ దగ్గర కాపలా. చుక్క కనిపించాక పలచని గోధుమరేకు ఒకటి చేతుల్లోకి తీసుకుని, ఒకరి రేకులోంచి ఒకరు చిన్నముక్క తుంచుకుని, ఎదుటివాళ్ళ మంచి కోరుతారు. నిన్నటిదాకా కొట్టుకున్న వాళ్ళు కూడా ఆ ముక్క తుంచేటప్పుడు కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు. అలాంటి బల్ల మీద, మనిషి లేని కుర్చీ ముందు, యడ్విగా అత్తగారు నన్ను పెట్టింది. "అనుకోకుండా ఎవరైనా వస్తే" అంది.

ఎవరని ఎవరూ అడగలేదు. ఆ సాయంత్రం ఆ దేశంలో ప్రతి ఇంట్లోనూ ఇలాగే ఒక కంచం ఖాళీగా ఎదురుచూస్తుందట. తలుపు తట్టినవాడు ఎవడైనా సరే, వాడికి చోటుండాలట. నేను పొంగిపోయాను. మిగతా కంచాలవి కూలిపనులు, నాది దేవుడి పని అనుకున్నాను.

మిగతా పండగలన్నీ అద్దాల వెనక నుంచే చూశాను. అయినా ఏమీ తక్కువ చూడలేదు. జనవరి ఆరున ముగ్గురు రాజుల పండగ. ఆ రోజు చర్చి నుంచి తెచ్చిన సుద్దముక్కతో గుమ్మం మీద మూడక్షరాలూ, ఆ ఏడాది అంకెలూ రాస్తారు. ఆ రాత ఏడాదంతా చెరపరు. ఈస్టర్ మర్నాడు సెలవు; ఆ రోజు దొరికిన వాళ్ళ మీద దొరికినన్ని నీళ్ళు పోయడం ఆచారం. ఒకసారి జిగ్మంట్ తెల్లారగానే చెంబుడు నీళ్ళు తల్లి నెత్తిన కుమ్మరించాడు. ఆవిడ ఉలిక్కిపడి కోడిగుడ్ల కంచం జారవిడిచింది. అలా మాలో ఒకరు పోయారు. ఆవిడ తడిసిన గౌనునీ, పగిలిన ముక్కల్నీ చూసుకుని, గరిటె పట్టుకుని కొడుకును ఇల్లంతా తరిమింది. మే మూడు రాజ్యాంగ దినం. రాజ్యాంగాన్ని ఎంత మంది చదివారో నాకు తెలియదు గానీ, ఆ రోజు ప్రతి బాల్కనీలోనూ నిప్పుల మీద సాసేజీలు కాలేవి, ఆ పొగలో ఎదురిల్లు కనబడేది కాదు. పాత ప్రభుత్వం రద్దు చేసిన నవంబరు పదకొండు స్వాతంత్ర్య దినం మళ్ళీ సెలవుగా వచ్చిన ఏడాది, జిగ్మంట్ ఎర్రా తెలుపూ జెండా కట్టబోయి కర్ర వెనక చివరతో ఆరో కంచం అంచు పెచ్చు లేపాడు. దేశానికి పోయినదేదో తిరిగొచ్చిందన్న సంతోషంలో దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. పాపం అది బాల్కనీలో జెరేనియం పూలకుండీ కిందికి చేరింది.

కానీ నవంబరు ఒకటి మాత్రం చెప్పాలి. మా వంటింటి కిటికీలోంచి కొండమీది శ్మశానం కనిపిస్తుంది. ఏడాదంతా అది నల్లటి చెట్లగుంపు. ఆ రోజు పొద్దుటి నుంచీ ఊరు ఊరంతా చామంతి కుండీలూ గాజుదీపాలూ మోసుకుంటూ కొండెక్కుతుంది. నాలుగింటికల్లా చీకటి పడుతుంది. అప్పుడు చూడాలి. సమాధికో పది దీపాలు, దిక్కులేని సమాధికి ఇంకా ఎక్కువ. ఎరుపు, పసుపు, తెలుపు. కొండ కొండంతా లోపల్నుంచి వెలిగినట్టు ఉంటుంది. మబ్బుల అడుగు కూడా ఎర్రబడుతుంది. అంత జనం ఉన్నా చప్పుడుండదు. పోయినవాళ్ళ కోసం బతికున్న ఊరు మొత్తం ఒక్క పూట నిలబడిపోవడం చూసి, మట్టితో చేసిన నాకే గుండె ఉంటే బాగుండుననిపించేది.

ఇంత గొప్ప మనుషులు ఒక సాయంత్రం తలుపు తీయలేదు.

అది దేశంలో సైనిక పాలన పెట్టిన పన్నెండో రోజు. వీధుల్లో ట్యాంకులు. టెలిఫోన్లు మూగబోయాయి. జిగ్మంట్‌తో పనిచేసేవాళ్ళలో కొందరిని పట్టుకుపోయారు, కొందరు ఎక్కడెక్కడో దాక్కున్నారు. అయినా విగీలియా విగీలియాయే. గడ్డి పరిచారు, నన్ను పెట్టారు. చారు వడ్డిస్తుండగా తలుపు మీద మూడు దెబ్బలు పడ్డాయి.

నా ఆనందం ఏమని చెప్పను! వచ్చాడు అనుకున్నాను. జిగ్మంట్ మాత్రం వేలు పైకెత్తి అందరినీ ఆపాడు. మళ్ళీ మూడు దెబ్బలు, ఈసారి కాస్త మెల్లగా.

"కంచం పెట్టాం కదరా" అంది తల్లి గుసగుసగా.

"అమ్మా, మాట్లాడకు" అన్నాడు జిగ్మంట్.

కొంతసేపటికి అడుగులు మెట్లు దిగిపోయాయి. ఒక్కో అంతస్తూ దిగుతున్న చప్పుడు మాకందరికీ వినిపించింది. చాలాసేపయ్యాక జిగ్మంట్ తలుపు తీశాడు. ఎవరూ లేరు. గుమ్మం ముందు చాప మీద రెండు బూట్లంత మేర మంచు కరిగి నీళ్ళైంది. ఆ తడి ఆరేదాకా అతను అక్కడే నిలబడ్డాడు. వచ్చింది దాక్కోడానికి చోటడిగే స్నేహితుడో, పట్టుకుపోయే పోలీసో, గుమ్మం తప్పిన తాగుబోతో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. అతన్ని తప్పుపట్టే అర్హత నాకు లేదు. నాకు భయమంటే తెలియదు, అతనికి తెలుసు.

ఆ తర్వాత నలభై నాలుగేళ్ళు ఆ రోజున ఎవరూ తలుపు తట్టలేదు. తల్లి పోయింది. జిగ్మంట్ ఊపిరితిత్తుల జబ్బుతో మంచాన పడి, పోయేముందు యడ్విగాతో ఒక్కటే అన్నాడు. "ఇంకోసారి ఎవరైనా వస్తే తియ్యి." ఆవిడ సరేనంది. అప్పటి నుంచి నన్ను పెట్టడం ఆవిడకు ఆచారం కాదు, బాకీ తీర్చుకోవడం. విగీలియా నాడు ఆవిడ తింటున్నంతసేపూ చెవి గుమ్మం వైపే ఉండేది. డెబ్భై దాటాక ఆ చెవి కూడా మందగిస్తుంటే, తట్టినా తనకు వినపడదేమోనని కొత్త బెంగ పట్టుకుంది.

జిగ్మంట్ కంచాన్ని ఒక ఈస్టరుకు ఇల్లు దులుపుతూ ఇరెనా పగలగొట్టింది. అక్కచెల్లెళ్ళిద్దరూ మాటలు మానేశారు. జూన్‌లో వీధి పొడవునా పూలరేకులు చల్లుతూ సాగే దేవుడి ఊరేగింపులో ఎండకు ఇరెనా తూలితే యడ్విగా చెయ్యి పట్టుకుంది. ఇంటికొచ్చేసరికి మళ్ళీ పోట్లాట మొదలైంది గనక అంతా కుదుటపడిందని నాకు అర్థమైంది. అలా బల్ల మీద ముగ్గురం మిగిలాం. యడ్విగా కంచం, ఇరెనా కంచం, నేను.

ఇప్పుడు కూర్మారావు వస్తాడు. శ్రీకాకుళం పక్క పల్లె ఆయనది. నలభై ఏళ్ళ వెల్డరు. అదే ఓడల కార్ఖానాలో పనికి వచ్చి, మా పై అంతస్తులో మరో ముగ్గురితో కలిసి ఎనిమిది నెలలుగా ఉంటున్నాడు. మెట్ల మీద ఎదురైతే తల వంచి నమస్కారం పెట్టేవాడు, అంతవరకే పరిచయం. పండగలకు ఆ ముగ్గురూ వేరే ఊరు వెళ్ళారు. ఇరవై నాలుగున మధ్యాహ్నం దాకా కొట్లు తెరిచే ఉంటాయని ఎవరో పాత లెక్క చెప్పారు. సరిగ్గా ఆ ఏడాదే ప్రభుత్వం ఆ రోజును కూడా సెలవు చేసింది. తాపీగా సంచీ పట్టుకుని బయల్దేరిన మనిషికి వీధి వీధంతా మూసిన తలుపులే ఎదురయ్యాయి. ఆ పైన ఇంకో రెండు రోజులు పండగ సెలవులే. ఇంట్లో చూస్తే ఊరగాయ సీసా నిండా ఉంది, బియ్యం గింజ లేదు.

చుక్క పొడిచింది. అక్కచెల్లెళ్ళు గోధుమరేకు తుంచుకున్నారు. ఇరెనా అక్క ఆరోగ్యం కోరుతూనే, చారులో ఉప్పు ఎక్కువైందని గుర్తుచేసింది. అప్పుడు తలుపు మీద మూడు దెబ్బలు పడ్డాయి.

యడ్విగా చేతిలో చెంచా ఆగిపోయింది. వినపడింది ఆవిడకు.

"ఎవరది?" అని అరిచింది ఇరెనా.

ఆ మాత్రం పోలిష్ ఆయనకు వచ్చు. ఎవరంటే పేరు చెప్పాలని కూడా తెలుసు. ముసలివాళ్ళు కదా, గట్టిగా చెబుదామనుకున్నాడు.

"కూర్మా!" అన్నాడు. జవాబు లేకపోయేసరికి ఇంకా గట్టిగా, "కూర్మా! కూర్మా!"

మీకు అది విష్ణుమూర్తి పేరు. పోలండ్ వాళ్ళ నోట ఆడే బూతులన్నిటిలోకీ పచ్చి బూతుకూ ఆ పేరుకూ ఒక్క అక్షరమే తేడా. ఇరెనా మొహం ఎర్రబడింది.

"విన్నావా? పండగ పూట గుమ్మంలో నిలబడి బూతులు కూస్తున్నాడు! తాగొచ్చాడు వెధవ. తియ్యకు, అక్కా."

యడ్విగా లేచింది. ఇరెనా అక్క చొక్కా చెయ్యి పట్టుకుంది. "తియ్యకంటున్నానా!"

"ఒకసారి తియ్యలేదు" అంది యడ్విగా. చెయ్యి విడిపించుకుని వెళ్ళి, రెండు గొళ్ళాలూ తీసి, తలుపు బార్లా తెరిచింది.

ఉన్నిటోపీ పెట్టుకున్న సన్నటి మనిషి, ఒక చేతిలో స్టీలు గ్లాసు, ఇంకో చేతిలో ఫోను. నవ్వుతూ గ్లాసు ముందుకు చాపి, ఫోనులో చెప్పాడు. "అమ్మా, ఓ గలాసుడు బియ్యం ఉంటే ఇత్తారేటి? సాపులన్నీ కట్టీసున్నాయి. తిరిగిచ్చీత్తాను." ఫోను దాన్ని పోలిష్‌లోకి మార్చి పలికింది.

ఆవిడ గ్లాసు అందుకోలేదు, మనిషి చెయ్యే పట్టుకుని లోపలికి లాక్కొచ్చింది. కుర్చీ జరిపి నా ముందు కూర్చోబెట్టింది. యాభై ఏళ్ళకు నా ముందు ఒక మనిషి!

ఆయన చుట్టూ చూశాడు. మనుషులిద్దరు, కంచాలు మూడు. వెనక గోడ మీద నల్ల రిబ్బను కట్టిన జిగ్మంట్ ఫోటో, దాని కింద కొవ్వొత్తి. అనుమానం వచ్చి, ఈ కంచం ఎవరిదని ఫోనులో అడిగాడు. ఇరెనాకు కట్టుడు పళ్ళు, పైగా నోట్లో చేప. "అనుకోకుండా వచ్చే అతిథిది" అంది. ఫోను ఏం విన్నదో ఏమో, తెలుగులో తేటగా పలికింది: "ఇక రాని అతిథిది."

కూర్మారావు నిప్పు తగిలినట్టు కుర్చీలోంచి లేచిపోయాడు. ఫోటోకు చేతులు జోడించి, "తప్పు తప్పు. పెద్దలకి ఎట్టిన కంచం ముందర మనం కూకోకూడదు" అంటూ గుమ్మం వైపు వెనక్కి అడుగులు వేశాడు.

యడ్విగా కుర్చీ వీపు పట్టుకుని నిలబడింది. జిగ్మంట్ తలుపు తీయని ఆ సాయంత్రం అడుగులు మెట్లు దిగిపోతున్నప్పుడు ఆవిడ మొహం ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది.

"తలుపు తీసినా ఉండడా?" అంది. ఎవరితో అందో తెలియదు. చెంపల మీద నీళ్ళు కారిపోతున్నాయి.

ఆ మాట ఆయనకు అర్థం కాలేదు, ఏడుపు అర్థమైంది. ఒకసారి ఫోటో వైపు, ఒకసారి ఖాళీగా ఉన్న నా వైపు చూశాడు. "పాపం ముసిలమ్మ. కంచం ఎట్టీసి ఎదురు సూత్తన్నాది. కాకికి ఎట్టాలని తెల్దు కావాల" అని తనలో తను అనుకున్నాడు. టోపీ తీశాడు, కుళాయి దగ్గర చేతులు కడుక్కున్నాడు. నన్ను రెండు చేతులా ఎత్తాడు. పన్నెండు రకాల్లోనూ కొంచెం కొంచెం నాలో పెట్టాడు. చేపముక్క దగ్గర ఒక్క క్షణం ఆగి, వాసన చూసి, "బంగారు తీగే. మా సెరువులోదే" అని మెచ్చుకున్నాడు. ఆపైన బాల్కనీ తలుపు తీసి, మంచు పట్టిన పిట్టగోడ మీద నన్ను పెట్టి, నోటి చుట్టూ చేతులు పెట్టుకుని పిలిచాడు.

"కా! కా! కా!"

ఇరెనా శిలువ గుర్తు వేసుకుంది. "అయిపోయింది. తాగుబోతే నయం, పిచ్చివాణ్ణి తెచ్చావు."

ఆ చలిలో కాకి ఎక్కడిది? అవి గూళ్ళకు చేరిపోయాయి. కానీ అది సముద్రం ఒడ్డున ఊరు. రేవు దీపాల మీదుగా తెల్లటి పక్షి ఒకటి, సముద్రపు కాకి అంటారే, అది వచ్చి నా పక్కన వాలింది. పసుపురంగు కన్నుతో అందర్నీ తేరిపార చూసి, చేపముక్కను ఒక్క పోటుతో ఎత్తుకుపోయింది.

"వొచ్చీసాడమ్మా మీ ఆయన" అన్నాడు కూర్మారావు సంబరంగా. "తినీసినాడు. ఇంక మనం తినొచ్చు."

ఫోను ఈసారి తప్పు చేయలేదు. యడ్విగా పిట్టగోడ దగ్గరికి వచ్చింది. జిగ్మంట్ పని నుంచి వచ్చాక రోజూ ఆ పిట్టగోడ దగ్గరే నిలబడి ఆ పిట్టలకు రొట్టె విసిరేవాడని ఆయనకెలా తెలుస్తుంది? ఎవరూ చెప్పలేదు. ఆవిడ నవ్వింది, ఏడ్చింది, మళ్ళీ నవ్వింది. "నువ్వేం పని చేస్తావు బాబూ?" అని అడిగింది.

"వెల్డర్నమ్మా."

ఇరెనా కూడా మెత్తబడింది. లేచి వెళ్ళి బియ్యం డబ్బా తెచ్చి, పెద్ద గిన్నెతో అన్నం పొయ్యి మీద పడేసింది.

ఆయన నన్ను కడిగి తెచ్చుకుని నా ముందు కూర్చున్నాడు. చెంచా పక్కన పెట్టేశాడు. వేడన్నంలో ఎర్రచారు పోసుకుని చేత్తో కలిపాడు. చెంచాల దెబ్బలు ఎలా ఉంటాయో తోటి కంచాలు చెబితే విన్నాను గానీ, మనిషి వేళ్ళు నా మీద తిరుగుతాయని ఎవరూ చెప్పలేదు. కడిగి తుడిచిన చేతులు వేరు; నన్ను తిప్పి గీత గీసిన ఆవిడ వేళ్ళ తర్వాత మళ్ళీ అవే. ఆయన అడుగంటా తిని, చివర్న నీలిగీత దాకా తుడిచేశాడు. నేను ఎందుకు పుట్టానో ఆ పూట నాకు తెలిసింది.

ఆ తర్వాత ఆదివారాలు ఆయన మా వంటింట్లోనే. అక్కడ కూర్చుని భార్యతో ఫోనులో గంటల తరబడి మాట్లాడేవాడు, నాకు తెలుగు అలా అబ్బింది. ఆయన అసలు పేరు పిలవడానికి అక్కచెల్లెళ్ళకు నోరు రాక రావ్ అని సరిపెట్టుకున్నారు. ఎనిమిది గుమ్మాలుండగా మా గుమ్మమే ఎందుకు తట్టావని ఇరెనా ఒకసారి అడిగింది. "గుమ్మం మీద సుద్దతో రాసున్నాది కదమ్మా. దేముడిల్లు, లేదనరని తట్టీసినాను" అన్నాడు. ఫోను చేసిన పొరపాటు తెలిసినప్పుడు ఇరెనా పొట్ట పట్టుకుని నవ్వింది. యడ్విగా నవ్వలేదు. "ఫోను సరిగ్గానే చెప్పింది" అంది.

మళ్ళీ విగీలియా వచ్చింది. ఎప్పటిలాగే నన్ను తీశారు, కడిగారు. ఖాళీ కుర్చీ ముందు పెడతారని చూస్తున్నాను. యడ్విగా నన్ను రావ్ ముందు పెట్టింది.

"మరి వచ్చేవాళ్ళకి?" అంది ఇరెనా.

"అది రావ్ కంచం. వచ్చేవాళ్ళకి వేరే పెట్టాలి."

అలమరలో ఇంకో కంచం లేదు. ఇరెనా గొణుక్కుంటూ బాల్కనీలోకి వెళ్ళి, జెరేనియం కుండీ ఎత్తి, దాని కింద ముప్పై ఏళ్ళకు పైగా పడి ఉన్న మా ఆరోదాన్ని తెచ్చింది. మట్టి వదిలేదాకా తోమి, నా పక్కన పెట్టింది. పెచ్చులూడిన అంచు, వెలిసిపోయిన గీత. బిత్తరపోయి చూస్తోంది పాపం. రావ్ తన కుర్చీ ఎత్తుకెళ్ళి, గుమ్మానికి దగ్గరగా ఉన్న వైపు వేసుకున్నాడు. "ఈపాలి ఎవులు తట్టినా నాను తీత్తాను" అన్నాడు. యడ్విగా ఆ సాయంత్రం మొదటిసారిగా గుమ్మం వైపు చెవి పెట్టకుండా, తల వంచుకుని, స్థిమితంగా అన్నం తింది.

ఎంతకాలం ఎదురుచూడాలని ఆరోది నన్ను అడిగింది. నాకు యాభై ఏళ్ళు పట్టిందని చెప్పలేదు. తలుపు దగ్గర రావ్ కూర్చున్నాడని మాత్రం చెప్పాను.